మునసబు మెడకు కట్టిన గొంతు

చిలకకు మాటలు నేర్పడంలో నన్ను మించినవాడు కోనసీమ మొత్తంలో లేడు. ఇది గొప్ప చెప్పుకోవడం కాదు, ఉన్నమాట. మా మునసబుకు ఎక్కాలు నేర్పాను. మునసబు అంటే మా చిలకండి. కాలువ లాకు దగ్గర రాతిమీద గీసిన నీటిమట్టం చదవడం నేర్పాను. మలుపులో పడవ కనబడగానే అది ఎవరిదో, నడిపే సరంగు పేరుతో సహా పిలిచి చెప్పడం నేర్పాను. ఒకసారి ఇంజనీరుగారు తనిఖీకి వస్తే, ఆయన జీపు దిగకముందే "తలుపులు కారుతున్నాయండి, గ్రీజు పంపలేదండి" అని ఫిర్యాదు చేసింది. ఆయన అది నేనన్నాననుకుని ఎండలో నిలబెట్టి చీవాట్లు పెట్టాడు.

నా పేరు పితాని గవర్రాజు. కాలువ లాకు దగ్గర లస్కరుగా, అంటే తలుపులు తిప్పి పడవలను దాటించే మనిషిగా, పనిచేసి దిగిపోయాను. చదువు మా ఊరి బళ్ళో అయిదు దాకా. సైన్సు కథ అనగానే మీరు రాకెట్టు ఎప్పుడొస్తుందా అని చూస్తారు. రాదు. ఉల్లిపొరంత పట్టీ ఒకటి వస్తుంది. అది మా ఇంట్లో చేసిన అన్యాయం తలచుకుంటే నాకు ఇప్పటికీ అన్నం సహించదు. సహించినా రెండోసారి వడ్డించుకోను.

మునసబు మా లాకు తలుపుల సందున, తడిసి ముద్దయిన పిల్లగా దొరికింది. ఒక రెక్క వంకర. తీసింది మా ఆవిడ ఆదెమ్మ. చిలకలను పెంచడం చట్టం ఒప్పుకోదని నాకూ తెలుసు. అటవీశాఖ వాళ్ళు తీసుకెళ్ళి, రెక్క బాగుచేసి, మా ఊరి మామిడితోటలోనే వదిలారు. వాళ్ళ జీపు మలుపు తిరిగేలోపు అది వచ్చి ఆదెమ్మ భుజం మీద వాలింది. మళ్ళీ పట్టుకెళ్ళారు, మళ్ళీ వచ్చింది. చివరికి వాళ్ళే విసుగెత్తి వదిలేశారు. కాబట్టి మేము దాన్ని పెంచలేదు. అదే మా ఇంట్లో కాపురం పెట్టింది. పంజరమన్నదే లేదు. పొద్దున్నే చూరుమీద అటూ ఇటూ పచార్లు చేస్తూ వచ్చేపోయేవాళ్ళను ఒంటికన్నుతో తనిఖీ చేసేది గనక మునసబు అన్నాం.

ఒక వేసవిలో, కాలువ కట్టేసిన రోజుల్లో, ఆదెమ్మకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. మాట పోయింది. నోరు నాదే పెద్దదని ఊళ్ళో అనుకుంటారు గాని, మా ఇంట్లో మాట ఆదెమ్మది. ఆవిడ తిట్టడంలో ఒక పద్ధతుండేది. పొద్దున్న నా పళ్ళపుల్ల దగ్గర మొదలుపెట్టి, మా నాన్నను, మా తాతను వరసగా పలకరించి, పొయ్యి మీద పాలు పొంగేసరికి ముగించేది. తిట్టు పూర్తయ్యాక కాఫీ ఇచ్చేది. ఆ కాఫీ రుచి వేరు. మాట పోయాక ఇల్లు ఎంత ఖాళీ అయిపోయిందంటే, నేను మాట్లాడుతుంటే నాకే వినసొంపుగా లేదు.

ఆ ఖాళీలోకి మునసబు వచ్చి కూర్చుంది. అంతవరకు ఎడమ భుజం మీద వాలేది, కుడి భుజానికి మారింది. పడిపోయిన చేతి వేళ్ళను ముక్కుతో ఒక్కొక్కటే ఎత్తి వదిలేది. జామముక్క ఎడమ చేత్తో ఇస్తే మొహం తిప్పేసుకునేది. కుడి అరచేతిలో పెడితేనే తినేది. ఈ సంగతి చెబితే అమలాపురం డాక్టరు నవ్వాడు. వేళ్ళు కదిలాక నవ్వలేదు.

ఆదెమ్మ రెప్పలు మెల్లగా మూసి తెరిస్తే అదీ మూసి తెరిచేది. ఆవిడకు కోపం వచ్చి స్టీలు గ్లాసు మంచం పట్టెకేసి కొడితే, అది వెళ్ళి నా చెవి కొరికేది. నేనేం తప్పు చేశానో వాళ్ళిద్దరికీ తెలిసేది, నాకు తప్ప. సాయంత్రం ఆవిడ మెడ దగ్గర ఒదిగి, పై ముక్కూ కింది ముక్కూ కలిపి నూరుకుంటూ గిర్రుమని సన్నటి చప్పుడు చేసేది. ఎక్కడో దూరాన తిరగలి తిరుగుతున్నట్టుండేది. చిలకకు మనసు నిమ్మళంగా ఉంటేనే ఆ చప్పుడు వస్తుందట. ఆ చప్పుడు వింటూ ఆదెమ్మ కళ్ళు మూసుకునేది. వాళ్ళమధ్య నేను కుర్చీలా ఉండేవాణ్ణి. నాకేం బాధ లేదు, కుర్చీకి కూడా ఇంట్లో చోటుంటుంది.

మా చెల్లెలి కూతురు హైమ వచ్చింది అప్పుడే. మాకు పిల్లల్లేరు. హైమ చిన్నప్పుడు మా ఇంట్లోనే ఉండి బడికెళ్ళింది, ఆదెమ్మ చేతి ముద్దలు తినే పెరిగింది. ఇప్పుడు విశాఖలో సముద్రం పక్క కొండమీద పక్షుల మాటల గురించి పరిశోధించే చోట పెద్ద ఉద్యోగం.

"మావయ్యా, నీ చిలక ఎక్కాలు చెబుతుందని ఊరంతా చెప్పావుగా. ఏదీ, చెప్పించు" అంది, సంచిలోంచి ఏవో తీగలు తీస్తూ.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పేస్తాను. ఎక్కాలు, నీటిమట్టం, సరంగుల పేర్లు, ఇంజనీరుగారి గ్రీజు, అన్నీ కోతలు. మునసబుకు ఒక్క ముక్క రాదు. "గవర్రాజుగారూ, నమస్కారం" అని నేర్పుదామని ఏడాది పొడవునా దాని ముందు కూర్చుని పాఠం చెప్పాను. అది నేర్చుకోలేదు గాని నాకు అలవాటైపోయింది. అద్దం ముందు నిలబడితే ఇప్పటికీ నా నోట అదే వస్తుంది.

నేను నిజం చెబితే హైమ గంతేసినంత పనిచేసింది.

"ఒక్క మాటా రాదా? మాకు కావలసింది అలాంటిదే మావయ్యా! మాటలు నేర్చిన చిలకయితే ఆ మాటలు అడ్డమొస్తాయి."

ఉల్లిపొరంత పట్టీ ఒకటి తీసి మునసబు మెడకు, ఎర్ర కంటె కిందుగా చుట్టింది. అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి ఆదెమ్మ తలాపున పెట్టింది. "కూత రాకముందు చిలక తలలో ఒక మెరుపు పుడుతుంది. పట్టీ దాన్ని పట్టుకుంటుంది, డబ్బా మన మాటలోకి మారుస్తుంది" అంటూనే దాని ముందు కూర్చుంది. "మునసబూ, ఏం కావాలి నీకు?"

డబ్బా గొంతు సవరించుకున్నట్టు చిన్నగా బరబరమంది. తరువాత టీవీలో వార్తలు చదివే అమ్మాయిలా తియ్యగా, "జామకాయ కావాలి" అంది.

ఆయ్, ఆ క్షణాన నేనూ చప్పట్లు కొట్టాను. అబద్ధమెందుకు?

హైమ అక్కడితో ఆగలేదు. ఆ కొండమీద వాళ్ళ డైరెక్టరు కనిపెట్టిన సిద్ధాంతం ఇంకోటుంది. ఏళ్ళతరబడి ఒకే మనిషిని అంటిపెట్టుకున్న పక్షి తలలో ఆ మనిషి మనసు పడుతుందట, నీళ్ళలో మొహం పడ్డట్టు. చిలకను చదివితే మనిషిని చదివినట్టే. హైమ చిలకకు ఇంకా దగ్గరగా జరిగి, "మునసబూ, అత్త మనసులో నేనెవరిని?" అని అడిగింది.

"నువ్వు ఆమె కూతురివి. నీకోసమే ఎదురు చూస్తోంది."

హైమ ఆదెమ్మ ఒళ్ళో తలపెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆదెమ్మ ఎడమచెయ్యి దాని తలమీద వేసింది గాని, కళ్ళు మాత్రం చిలక మెడమీదే ఉన్నాయి.

హైమ పరిశోధన సాగినన్నాళ్ళూ మా ఇల్లు సంతలా ఉండేది. మునసబు తలలో చిన్న మెరుపు మెరిసినా డబ్బా మాట్లాడేది. అది తుమ్మబోతే "వాతావరణం బాగుంది" అనేది. పిల్లి కనబడితే "అతిథులు వచ్చారు" అనేది. తన వెనకనుంచి ఎవరో మాట్లాడుతున్నారని మునసబు బెదిరి గిరగిర తిరిగేది. ఎటు తిరిగినా ఆ గొంతు వెంటే ఉండేది. నెమ్మదిగా చూరెక్కడం మానేసింది. ముక్కు నూరడం మానేసింది. ఆదెమ్మ భుజం మీదికి ఎగరబోయి, డబ్బా "ప్రేమ" అనగానే మధ్యలోనే కింద పడిపోయింది. ఆ తరువాత మంచం కిందికి దూరి రొమ్ముమీది ఈకలు ఒక్కొక్కటీ తనే పీక్కోవడం మొదలుపెట్టింది.

హైమ మంచం కిందికి తొంగిచూస్తుండగా ఆదెమ్మ స్టీలు గ్లాసు తీసి డబ్బాకేసి విసిరింది.

డబ్బా తియ్యగా అంది: "నాకు చాలా సంతోషంగా ఉంది."

"చూశావా మావయ్యా, అత్త సంతోషంగా ఉంది" అంది హైమ.

"గ్లాసు విసిరిందే!"

"అది చేతి వణుకు. లోపలున్న మాట వేరు."

"ఒసే హైమా, నలభై ఏళ్ళు ఆవిడ విసిరిన గ్లాసులు తప్పించుకున్నవాణ్ణి నేను. వణుకేదో, గురి ఏదో నాకు తెలీదా?"

హైమ వినిపించుకోలేదు. కూతురివి అన్న మాట విన్న చెవికి ఇంక వేరే మాట ఎక్కదు.

డైరెక్టరు నీలకంఠంగారు స్వయంగా మా ఇంటికి దయచేశాడు. తెల్లటి చొక్కా, తెల్లటి నవ్వు. కాఫీ ఇస్తే "చక్కెర లేకుండా" అన్నాడు. అక్కడే నాకు మనిషి మీద అనుమానం వచ్చింది.

"గవర్రాజుగారూ, మీరు చరిత్రలో నిలిచిపోతారు" అన్నాడు. "రెండో అంచెలో ఆదెమ్మగారి పుర్రెకు చిన్న రంధ్రం చేసి లోపల నువ్వుగింజంత పరికరం పెడతాం. చిలక తలా, ఆవిడ తలా నేరుగా కలుస్తాయి. ఆవిడ ఏమనుకుంటే చిలక అది పలుకుతుంది."

"పుర్రెకు రంధ్రమా అండీ?"

"చిన్నదే."

"మా ఆవిడ ఒప్పుకోవద్దా అండీ?"

"తప్పకుండా. చట్టం కూడా అదే అంటుంది." ఆయన మంచం ముందు గొంతుక్కూర్చుని, మంచం కిందున్న మునసబు కళ్ళలోకి చూస్తూ అడిగాడు. "ఆదెమ్మగారూ, మీకు సమ్మతమేనా?"

"సమ్మతం. ఆలస్యం చెయ్యకండి" అంది డబ్బా.

ఆదెమ్మ తల అడ్డంగా తిప్పుతోంది. ఇటునుంచి అటు, అటునుంచి ఇటు, దిండు చెదిరిపోయేలా తిప్పుతోంది.

"కాదంటోంది గదండీ!"

"పక్షవాతంలో అవునూ కాదూ తారుమారవుతాయండి. అందుకే తల ఊపడాన్ని మేము లెక్కలోకి తీసుకోం."

"చిలకను తీసుకుంటారా?"

"చిలకను కాదు. చిలక ద్వారా ఆవిడనే."

ఒళ్ళు మండిపోయింది. తలకాయ ఆవిడది, కాదంటున్నది ఆవిడ, అవునన్నది అగ్గిపెట్టె. తెల్లచొక్కాకు అగ్గిపెట్టె మాటే కావాలి! "బాబూ, మీ ఇంట్లో పెళ్ళికి కూడా పెళ్ళికూతుర్ని అడగరా? పెరట్లో కోడిని అడుగుతారా?" అన్నాను. ఆయన నవ్వి, వచ్చే వారం విశాఖలో ముగ్గురు పెద్దలు కూర్చుని ఈ సమ్మతి విని సంతకం చేస్తారని, మర్నాడే ఆపరేషనని చెప్పి కారెక్కాడు.

నేను హైమ మీద పడ్డాను. "ఆ మనిషి మీ అత్త తల తొలుస్తానంటుంటే నీ నోరు ఏమైంది?"

"అత్త గొంతు మళ్ళీ వినాలని నీకు లేదా మావయ్యా?" కళ్ళలో నీళ్ళు తిరిగాయి దానికి. "నాకు జ్వరమొస్తే అత్త తిడుతూ నుదురు పట్టేది. ఆ తిట్టు వినాలని ఉంది నాకు."

నాకూ ఉంది.

ఆ మధ్యాహ్నం హైమ చెరువుకు స్నానానికి వెళ్ళింది. ఆదెమ్మ కునుకు తీస్తోంది. నేను నేలమీద బోర్లా పడుకుని మంచం కింద మునసబుకు ఎదురుగా మొహం పెట్టి, గుసగుసగా అడిగాను. "ఒరే మునసబూ, నిజం చెప్పు. ఆవిడ మనసులో నన్ను తిట్టుకుంటోందా?"

డబ్బా గొంతు తేనెలో ముంచినట్టుంది. "ఏనాడూ తిట్టలేదు. మీరు దేవుడి లాంటివారు."

ఒక్క నిమిషం నా ఛాతీ పొంగింది, చొక్కా గుండీలు తెగుతాయనుకున్నాను. అలా పడుకునే ఆలోచించాను. పొద్దున్న కాఫీలో చక్కెరకు బదులు ఉప్పు వేసి ఇచ్చాను ఆవిడకి. నిన్న ఆవిడ కొత్త దువ్వెన విరగ్గొట్టాను. నలభై ఏళ్ళుగా లోటులేకుండా తిట్టిన మనిషికి నోరు పడిపోయినంత మాత్రాన కోపం కూడా పడిపోతుందా? ఆదెమ్మ మనసులో నామీద తిట్టు లేదంటే అది ఆదెమ్మ మనసే కాదు!

విశాఖకు అంబులెన్సులో వెళ్ళాం. మునసబు ఆదెమ్మ ఒళ్ళో, గుడ్డతో చుట్టిన బుట్టలో ఉంది. రొమ్ముమీద ఈకలు లేక, మార్కెట్లో అమ్మే పిట్టలా ఉంది. ఆదెమ్మ దారిపొడవునా ఆ గుడ్డమీదనుంచి చెయ్యి తియ్యలేదు. వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

హాల్లో అద్దాల గోడ, అవతల సముద్రం. ముగ్గురు పెద్దల్లో నడిమి కుర్చీలో రిటైరైన జడ్జి సుభాషిణిగారు. బుట్టను బల్లమీద పెట్టారు. పక్కన చక్రాల కుర్చీలో ఆదెమ్మ. నీలకంఠంగారు మునసబు ముందుకు వంగి అడిగాడు, డబ్బా "సమ్మతం" అంది. జడ్జిగారు కలం తీశారు.

నేను లేచి నిలబడ్డాను. "అమ్మా, ఆ డబ్బాలో ఎవరో ఆడమనిషిని దాచారండి. నాకు తెలుసండి. మా ఆవిడ నన్ను తిట్టలేదంటోందండి అది!"

అందరూ నవ్వారు. హైమ సిగ్గుతో తల దించుకుంది. "మావయ్యా, కూర్చో."

"కూర్చోను. నువ్వే చెప్పు హైమా, నువ్వు మా ఇంట్లో పెరిగినదానివి. మీ అత్త నన్ను ఏనాడూ తిట్టలేదట. నేను దేవుణ్ణట! ఇది నీకు నమ్మబుద్ధవుతోందా?"

హైమ తల ఎత్తింది. మొహంలో సిగ్గు పోయి ఇంకేదో వచ్చింది. "అలా అందా? ఎప్పుడు? ఎవరడిగారు?"

"నేనే."

"దాని ఎదురుగా మొహం పెట్టి అడిగావా?"

"ముక్కుకు ముక్కు ఆనించి అడిగాను."

హైమ చిలకనూ నన్నూ మార్చి మార్చి చూసింది. తరువాత మెల్లగా జడ్జిగారి దగ్గరకెళ్ళి, "అమ్మా, మీరొకసారి చిలక ఎదురుగా కూర్చుంటారా? ఏమీ అడగొద్దు" అంది. జడ్జిగారు కూర్చున్నారు. హైమ పక్కనుంచి అడిగింది. "ఆదెమ్మగారికి ఇప్పుడు ఏం కావాలి?"

"వేడి కాఫీ. ఈ చెప్పులు విప్పెయ్యాలి" అంది డబ్బా.

జడ్జిగారు బల్లకింద కాళ్ళు వెనక్కి లాక్కున్నారు.

"ఇప్పుడు మీరు సార్" అంది హైమ. నీలకంఠంగారు తప్పించుకోబోయాడు గాని జడ్జిగారు చూపుతోనే కూర్చోబెట్టారు. హైమ అదే ప్రశ్న అడిగింది. డబ్బా ఎంతో తియ్యగా, "నా పేరు పేపర్లో రావాలి. అందరూ లేచి చప్పట్లు కొట్టాలి" అంది.

ఎవరూ లేవలేదు.

హైమ బల్ల అంచు పట్టుకుని నిలబడింది. "తప్పు మాదేనమ్మా. డబ్బాకు భాష నేర్పడానికి చాలా చిలకలు కావలసి వచ్చాయి. చిలకజోస్యం చెప్పేవాళ్ళ దగ్గర అటవీశాఖ పట్టుకున్నవి, కుదురుగా కూర్చునేవి ఉన్నాయంటే అవే తెచ్చుకున్నాం. అవి అట్ట లాగినప్పుడల్లా తలలో పుట్టే మెరుపులు పోగుచేసి అదే చిలక భాష అనుకున్నాం. ఆ చిలకలు అట్టలకేసి చూడవు. ఎదురుగా ఉన్న మనిషి మొహం, వేలు చూస్తాయి. ఆ మనిషికి ఏం కావాలో, ఏం వినాలనుందో పసిగడతాయి. డబ్బా నేర్చుకున్నది అదొక్కటే." హైమ ఆదెమ్మ వైపు తిరిగింది. "అత్త నన్ను కూతురనుకుంటోందని చెప్పింది మా అత్త కాదు. నేనే."

దేశమంతా గాలించి, దూరదేశాల యంత్రాలు తెప్పించి, చివరకు ఇంత చదువుకున్నవాళ్ళు కట్టింది రోడ్డుపక్క జోస్యమా! దాన్ని పట్టుకుని మా ఆవిడ పుర్రె తెరవబోయారా! నేను తిడదామని నోరు తెరిచాను గాని, హైమ మొహం చూసి మూసేశాను.

జడ్జిగారు కలం మూత పెట్టారు. పని అయిపోయిందనుకున్నాం. అప్పుడు హైమకు ఇంకో సంగతి తట్టింది. బుట్టను తీసి ఆదెమ్మ ఒళ్ళో, ఆవిడ మొహానికి ఎదురుగా పెట్టింది. మమ్మల్నందరినీ హాల్లో ఓ పక్కనున్న తెర వెనక్కి పంపింది. ఇన్నాళ్ళూ చిలకను అడగనివాళ్ళు లేరు. అడగడానికి నోరులేని ఆదెమ్మ ఎదుట మాత్రం దాన్ని ఒంటరిగా ఎవరూ పెట్టలేదు.

డబ్బా బరబరమంది.

"దాని మెడ వదలండి."

గొంతు ఆ వార్తల అమ్మాయిదే. మాట మాత్రం ఆదెమ్మది. ఆ విరుపు నాకు తెలుసు. పాలు పొంగే ముందరి విరుపు.

నీలకంఠంగారు తెర వెనకనుంచి ఎగిరి గంతేశాడు. "పనిచేస్తోంది! చూశారా, పనిచేస్తోంది! ఆవిడ మాట్లాడుతోంది. రంధ్రం కూడా అక్కర్లేదు, ఈ పట్టీ ఉంటే చాలు!"

నిజమే మరి. పట్టీ ఉంటే ఆదెమ్మకు మాట ఉంటుంది. ఇంటికి తీసుకెళ్ళి రోజూ పొద్దున్నే మునసబును ఆవిడ ముందు కూర్చోబెడితే చాలు. నాన్న, తాత, పళ్ళపుల్ల, అన్నీ తిరిగొస్తాయి. తెరకు మొహం ఆనించి పిలిచాను. "ఆదెమ్మా, ఇంకొక్క మాట. నాతో ఒక్క మాట."

"ముందు ఈ మనిషిని నోరు ముయ్యమనండి" అంది డబ్బా. "పిట్ట మెడ పుండైపోయింది. కళ్ళు లేవా మీకు?"

ఏడ్చాను. తెర పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. అంత చక్కటి తిట్టు విని ఎన్నాళ్ళయిందో!

హైమ కత్తెర తీసుకుంది. నీలకంఠంగారు అడ్డం నిలబడ్డాడు. "పిచ్చా నీకు? ఇన్నాళ్ళకు మీ అత్తకు గొంతొచ్చింది. కత్తిరిస్తే మళ్ళీ మూగదవుతుంది. పుండుకు మందు రాద్దాం, వేరే పట్టీ వేద్దాం, వేరే చిలకను తెద్దాం."

"వేరే చిలకకు అత్త మొహం ఏం తెలుసు సార్?" అంది హైమ. "ఆవిడ మాట్లాడింది. మెడ వదలమంది. మనం ఆ మాట వినకపోతే ఇంక ఆవిడకు మాట ఎందుకు?"

ఆయన నావైపు తిరిగాడు. "గవర్రాజుగారూ, మీరు భర్త. మీరు చెప్పండి."

వద్దు హైమా, ఉంచవే అని గొంతుదాకా వచ్చింది. ఆదెమ్మ తెర సందులోంచి నన్ను చూసింది. డబ్బా వైపు చూడలేదు, నన్నే చూసింది. రెప్పలు మెల్లగా మూసి తెరిచింది. ఇన్నేళ్ళలో ఆ రెప్పలు నాకోసం మూయడం అదే మొదలు.

"కత్తిరించెయ్యి" అన్నాను.

పట్టీ తెగింది. డబ్బా మాట మధ్యలో ఆగిపోయింది. మునసబు ఒళ్ళంతా దులుపుకుంది. బుట్ట అంచు ఎక్కి, బోసి రొమ్ము ముందుకు తోసి, ఒక్కసారి రెక్కలు విప్పి ఎగిరి, హాలంతా చుట్టి, నీలకంఠంగారి తెల్లచొక్కా మీద రెట్టవేసి, తిన్నగా వచ్చి ఆదెమ్మ కుడి భుజం మీద వాలింది. ఆవిడ మెడలో తలదూర్చి గిర్రుమని ముక్కు నూరుకుంది. జడ్జిగారితో సహా అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

హైమ ఉద్యోగం పోయింది. తప్పంతా దానిదేనని, చదువురాని కుటుంబమొకటి మహా ప్రయోగాన్ని పాడుచేసిందని ఆ కొండమీదివాళ్ళు పేపర్లో వేయించారు. నీలకంఠంగారి కుర్చీ మాత్రం కదల్లేదు. చొక్కా ఉతుక్కుని ఇంకో చిలకకు పట్టీ కడుతున్నాడట. దీనికి ఏ న్యాయస్థానంలో కేసు వేయాలో చెప్పేవాళ్ళుంటే చెప్పండి, రేపే బస్సెక్కుతాను. హైమ ప్రస్తుతం మా ఇంట్లోనే ఉంది. తనెవరో అత్తను మళ్ళీ అడగలేదు. పొద్దున్నే అత్త తల దువ్వుతుంది, అత్త దాని ఒళ్ళోకి ఒరిగిపోతుంది.

ఇంత రాశాక ఇంకో నిజం చెప్పకపోతే నాకే నిద్రపట్టదు. తిట్టు నిజం, ఒట్టు. డబ్బా ఆ మాటలన్నీ అన్నదీ నిజం. చిలక ఎగిరిందన్నది మాత్రం నా కల్పన. రెట్టా, ముక్కు నూరడం, చప్పట్లూ కూడా దానితోపాటు కల్పనే. అంత అన్యాయం తరువాత ఏదో ఒకటి ఎగరాలని నాకనిపించి ఎగరేశాను. జరిగింది వేరు. పట్టీ తెగగానే మునసబు బుట్ట అడుగుకు పోయి, గోడవైపు తిరిగి కూర్చుంది. ఇంటికొచ్చాక పెరట్లో గడ్డివాము వెనక చేరింది. ఇన్నాళ్ళయినా ఆదెమ్మ దగ్గరకు రాలేదు. మనిషి గొంతు వినబడితే చాలు, వణికిపోతుంది.

ఆదెమ్మ రోజూ మంచం పెరట్లో వేయించుకుని, కుడిచెయ్యి చాపి కూర్చుంటోంది. పిలవదు. పిలిచే గొంతు ఉన్నా పిలిచేది కాదనుకుంటాను. ఈ పూట అది గడ్డివాము చాటునుంచి బయటికొచ్చి, మందార మొదలుదాకా నడిచొచ్చి ఆగింది. నేను సంతోషం పట్టలేక ఏదో అనబోయాను. ఆదెమ్మ ఎడమచెయ్యి వచ్చి నా నోటికి అడ్డం పడింది. ఇప్పటికీ తియ్యలేదు. నాకు చేతులు ఖాళీగానే ఉన్నాయి గనక, ఒళ్ళో పలక, దానిమీద కాగితాలు పెట్టుకుని ఇదంతా రాస్తున్నాను.